వినబడితే నొక్కండి

ఆగస్టు 5, శనివారం

ఇన్ని వార్తలుండగా బ్యాటరీగాడికి ఇదే దొరకాలా. నా ఖర్మ.

పొద్దున్న మామూలుగానే మొదలైంది. షాపు తెరవకముందు వెనక గదిలో, విరిగిన స్క్రీన్ల డబ్బాల మధ్య ముగ్గురం మైకులు పెట్టుకుని కూర్చున్నాం. "అప్‌డేట్ ఉందా" అనే మా పాడ్‌కాస్ట్‌కి స్టూడియో అదే. షాపు బ్యాటరీగాడిది, సెల్‌ఫోన్ రిపేరు. ఏ కొత్త ఫోన్ గురించి చెప్పినా బ్యాటరీ ఎంతసేపొస్తుందనే మొదట అడుగుతాడు కాబట్టి ఆ పేరు. వదిన స్కూల్లో కంప్యూటర్ టీచరు. కాలేజీలో నా పక్కన కూర్చునేది, తర్వాత మా అన్నయ్యని చేసుకుని వదినైంది. వాళ్లిద్దరూ వాదించుకుంటారు, నేను మధ్యలో ఓ మాట వేస్తాను. రికార్డింగూ ఎడిటింగూ నావి.

ఫోన్లలో కొత్త అప్‌డేట్ వచ్చిందట. ఇంట్లోనే చెవుల పరీక్ష. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే సన్నగా బీప్‌లు వస్తాయి. స్క్రీన్ మీద "వినబడితే నొక్కండి" అని ఉంటుంది. చివర్లో ఏ చెవి ఎలా ఉందో చెప్పేస్తుంది. వదిన ఎగిరి గంతేసినంత పని చేసింది. ముగ్గురం షోలోనే ఆ పరీక్ష చేసుకుని రిజల్ట్ అక్కడికక్కడే చదవాలంది. చెవుల పోటీ అని పేరు కూడా పెట్టేశాడు వాడు. గెలిచేది నేనేనని, పక్క వీధిలో చీమ తుమ్మినా నేను ఎడిట్‌లో కోసేస్తానని అన్నాడు.

సరే అన్నాను. నవ్వాను కూడా.

నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది పోతోంది. ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద రాయడం కూడా ఇదే మొదలు.

ఆగస్టు 8, మంగళవారం

ఆఫీసులో పంటి నొప్పని చెప్పి చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. నరం బలహీనపడిందట. పోయింది తిరిగి రాదట. కుడి చెవిలో మిగిలినదాన్ని చెవికి పెట్టుకునే మెషీన్‌తో వాడుకోవచ్చట, అది కూడా ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు. ఇదంతా కంప్యూటర్ వైపు తిరిగి చెప్పాడు. పెదాలు కనబడక సగం అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంటే విసుక్కున్నాడు. చెవుల డాక్టరే చెవిటివాళ్లని విసుక్కుంటే ఇంకెవరికి చెప్పుకోవాలి.

మెషీన్ జుట్టు కింద కనబడదన్నాడు. హెడ్‌ఫోన్ పెట్టి తీసేటప్పుడు ఎలా దాచాలో మాత్రం చెప్పలేదు. నేను పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ప్రకటనల గొంతులు కోసి అతికించే మనిషిని. శనివారాలు ఫ్రెండ్స్ గొంతులు కోసి అతికిస్తాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. చెవి లేదని తెలిస్తే నాకు మిగిలేదేంటి.

ఆగస్టు 9

ఆఫీసులో ఎవరిదో ఫోన్ ఆగకుండా మోగుతోందని పక్క సీటావిడ విసుక్కుంటుంటే నేనూ విసుక్కున్నాను. నాదే.

ఆగస్టు 13, ఆదివారం

కళ్లతో ఎడిట్ చేస్తున్నాను.

ఓ సాఫ్ట్‌వేర్ ఉంది. మన మాటల్ని అక్షరాలుగా రాసేస్తుంది. అక్షరం చెరిపితే ఆ శబ్దం పోతుంది. మా షోలోనే దాన్ని ఏకిపారేశాం, బద్ధకస్తుల కోసమని. ఇప్పుడు దాని కాళ్లు పట్టుకుని బతుకుతున్నాను. ఇక స్క్రీన్ మీద శబ్దాల గీతలు ఎలాగూ ఉన్నాయి. బ్యాటరీగాడి నవ్వు దువ్వెన పళ్లలా ఉంటుంది. వదిన జోకు వేసేముందు ఓ చిన్న ఖాళీ ఇస్తుంది, చూడగానే గుర్తుపడతాను.

అంతా బాగానే ఉందనుకున్నా. పోయిన ఎపిసోడ్ కింద ఒకాయన కామెంట్ పెట్టాడు, మొదటి నుంచి చివరిదాకా వెనకాల గుయ్యిమంటోంది ఏంటని. షాపులో ఫ్యాన్. సాఫ్ట్‌వేర్ ఫ్యాన్‌ని అక్షరాల్లో రాయదు కదా. గీతల్లోనైనా చూసుండాల్సింది, చూడలేదు.

దానికి బ్యాటరీగాడు పెద్ద రిప్లై రాశాడు. మా ఎడిటర్ చెవుల సంగతి మీకు తెలీదని, ముందు మీ హెడ్‌ఫోన్స్ మార్చుకోండని. వాడు అంత నమ్మకంగా నా తరఫున పోట్లాడుతుంటే నాకు చచ్చిపోవాలనిపించింది. కింద ఓ లైక్ కొట్టాను. ఏం చెయ్యను మరి.

ఆగస్టు 16

దారి దొరికింది.

పరీక్ష చేసేటప్పుడు ఫోన్‌కి స్ప్లిటర్ పెడతాను. అంటే ఒక వైరుని రెండుగా చీల్చే ముక్క. ఒక కొస హెడ్‌ఫోన్‌కి, ఇంకో కొస మైకులన్నీ కలిపే నా మిక్సర్‌కి. మిక్సర్ మీద శబ్దం వచ్చినప్పుడల్లా పచ్చ లైట్లు లేస్తాయి. ఎంత సన్నటి బీప్ అయినా సరే, గెయిన్, అంటే లోపలికొచ్చే శబ్దాన్ని పెంచే మీట, బాగా తిప్పి పెట్టుకుంటే కనబడుతుంది. కనబడగానే నొక్కడమే. మిక్సర్ ఎప్పుడూ నా ముందే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

వాళ్లిద్దరికీ మెసేజ్ పెట్టాను, వినేవాళ్లక్కూడా బీప్‌లు వినబడితే బాగుంటుంది, స్ప్లిటర్ పెడతానని. వదిన వెంటనే నన్ను మెచ్చుకుంది. ఇలాంటివి నాకే తడతాయట.

ఇంట్లో రిహార్సల్ చేశాను. చెవిలో శూన్యం. ముందు పచ్చ లైట్లు. నొక్కాను, నొక్కాను, నొక్కాను. రెండు చెవులూ చాలా బాగున్నాయని వచ్చింది. తలుపేసుకుని గెంతాను. సిగ్గు లేదు నాకు.

ఆగస్టు 19, శనివారం

ముందు బ్యాటరీగాడు. వినికిడి కొంచెం తగ్గిందని వచ్చింది. రోడ్డు మీద షాపు, రోజంతా హారన్లు, తగ్గక ఏమవుతుందని నవ్వి తీసిపారేశాడు. వాడికి దేనికీ బాధ లేదు.

తర్వాత వదిన. కళ్లు మూసుకుని చాలా శ్రద్ధగా కూర్చుంది, పరీక్ష హాల్లో పిల్లలా. లైట్లు లేస్తున్నాయి, వదిన వేలు కదలడం లేదు. నాకు కనబడుతోంది, తనకి వినబడటం లేదు. రిజల్ట్ మైకులో చదివింది. రెండు చెవుల్లోనూ బాగా తగ్గింది, డాక్టర్‌ని కలవండి. మళ్లీ చదివింది. ఏదో జోకు వేసింది. ఆ తర్వాత మైకుకి దూరం జరిగింది.

చివర నేను. రెండూ చాలా బాగున్నాయి. బ్యాటరీగాడు బల్ల గుద్దాడు, మైకు ఊగింది. ఎపిసోడ్‌కి బంగారు చెవి అని పేరు పెడదామన్నాడు.

గట్టెక్కాను. హాయిగా ఉండాలి కదా. లేదు. వదిన చెప్పులు వేసుకుంటూ కూడా ఫోన్ వైపే చూస్తోంది. వాళ్ల నాన్నగారికి చెవుడు. ఇంట్లో అందరూ ఆయన్ని పక్కన పెట్టి మాట్లాడుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు, ఆయన అందరి మొహాలూ చూస్తూ కూర్చునేవాడు. కాలేజీ రోజుల్లో వదినే చెప్పింది ఇదంతా.

ఆగస్టు 21, సోమవారం

స్కూలు నుంచి వదిన నేరుగా నా గదికొచ్చింది. ఏడ్చి వచ్చినట్టుంది.

స్కూలు వాళ్లకున్న అన్ని బ్రాంచీల టీచర్లకీ కంప్యూటర్ ట్రైనింగ్ ఇచ్చే పోస్టు వదినకి ఇస్తామన్నారట. ఎన్నేళ్లుగా దానికోసం చూస్తోందో నాకు తెలుసు. గురువారం లోపల చెప్పాలి. నిండు హాల్లో ఎవరో వెనక నుంచి ప్రశ్న అడిగితే వినబడక నిలబడిపోతే, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, అని వణికిపోతోంది. వద్దని చెప్పేస్తానంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారంగానీ దొరకలేదట.

ఆ యాప్ ఒట్టి చెత్తదని చెప్పాను. మరి నీకు సరిగ్గానే చూపించింది కదా అంది.

అప్పుడు వదినకో ఆలోచన వచ్చింది. తను గోడ వైపు తిరిగి నిలబడుతుందట. నేను వెనక నుంచి మెల్లగా మాటలు చెప్పాలి, తను తిరిగి చెప్పాలి. నీ చెవి మంచిది కాబట్టి నువ్వే చెయ్యాలంది. ఎలా తప్పించుకోను. చెప్పాను: కిటికీ. గడియారం. గొడుగు. ప్రతిసారీ వదిన భుజాలు కొంచెం కదులుతున్నాయి, అంటే ఏదో అంటోంది. కరెక్టే, కరెక్టే, కరెక్టే అన్నాను.

వదిన గిర్రున తిరిగింది. మూడోది వినబడలేదని తను చెబితే కరెక్టంటానేంటని అడిగింది. నా గొంతు ఎంత మెల్లగా వస్తోందో నాకు తెలియలేదు. బహుశా గొడుగు అన్నది నా నోరు దాటి ఉండదు. కానీ వదిన వేరేగా అర్థం చేసుకుంది. జాలిపడి అబద్ధం చెబుతున్నానని. చెవుడొచ్చిన వాళ్లతో అందరూ ఇలాగే చేస్తారని, వాళ్ల నాన్నగారితో తనూ ఇలాగే చేసిందని అంది. నువ్వు కూడానా అని నా వైపు చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను.

ఆగస్టు 22

ఛీ. ఛీ. నా బుర్ర ఏమైపోయింది.

ఆఫీసులో ఈ పూట గొంతు ఇవ్వడానికొచ్చినాయన హెడ్‌ఫోన్‌లో ఏమీ వినబడట్లేదని గోల చేశాడు. మా సారు వచ్చి వైరు చూసి, మధ్యలో ఉన్న స్ప్లిటర్ పీకేసి వెళ్లాడు. గొంతిచ్చే ఆయన వెంటనే వినబడుతోందని బొటనవేలెత్తి చూపించాడు. నేను ఆ స్ప్లిటర్ చేతిలోకి తీసుకున్నాను.

ఒక వైరుని రెండు చేస్తే శబ్దం తగ్గుతుంది. ఈ పనిలో మొదటి రోజే నేర్పే పాఠం. అప్రెంటిస్‌లకి నేనే నేర్పాను. వదిన చెవికి అందాల్సిన బీప్‌లో సగం నా మిక్సర్ మింగేసింది. బ్యాటరీగాడిదీ అంతే. ఒక్కసారి ఆ హెడ్‌ఫోన్ నేను విని చూసుకునుంటే తెలిసేది. వినే మనిషినైతే విని చూసుకునేదాన్ని. నేను లైట్లు చూసుకున్నాను, నా గెయిన్ పెంచుకున్నాను, నా రిజల్ట్ చూసుకుని గెంతాను.

వదిన చెవులకి ఏ రోగమూ లేదు. స్ప్లిటర్ వల్లే అలా వచ్చిందని ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట వెనకే వదిన ఇంకో మాట అడుగుతుంది. మరి అదే స్ప్లిటర్‌తో నీకెలా వినబడింది.

ఆగస్టు 23, బుధవారం

నిన్నటి నుంచి అబద్ధాలు అల్లుతున్నాను. నా వంతు వచ్చేసరికి స్ప్లిటర్ తీసేశానని చెబుదామా. వీడియో తీశాడు బ్యాటరీగాడు, వైరు నిక్షేపంగా కనబడుతోంది. యాప్‌లో లోపం ఉందని ఎక్కడో చదివానని చెబుదామా. లింకు పంపమంటుంది, టీచరు కదా. నిజంగానే నాకు బంగారు చెవులున్నాయని చెబుదామా. నా మొహం.

వచ్చే వారం డాక్టర్ ఎలాగూ బాగున్నాయని చెప్తాడు, అప్పటిదాకా ఊరుకుంటే సరిపోతుంది కదా అని కూడా అనుకున్నాను. అనుకున్నాననే రాస్తున్నాను. కానీ గురువారం ముందొస్తుంది, డాక్టర్ తర్వాతొస్తాడు. వదిన ఆ పోస్టు వదులుకుంటుంది, నా చెవిటితనాన్ని తన నెత్తిన పెట్టుకుని.

నాకెందుకింత భయమో తెలుసు. బ్యాటరీగాడు వెంటనే నవ్వి ఏం పర్లేదంటాడు. ఆ మర్నాటి నుంచి నాతో గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి మాట్లాడతాడు. ఎపిసోడ్ పంపేముందు ఇంకొకరిచేత ఓసారి వినిపిస్తాడు. వదిన నా మొహం చూసి మాట్లాడుతుంది, జాలిగా. వాళ్లిద్దరూ ఏదో అనుకుని నవ్వుకుంటారు, నేను మొహాలు చూస్తూ కూర్చుంటాను.

రేపు పొద్దున్న స్కూలు మొదలవకముందే వెళ్లి చెప్పేస్తాను.

ఆగస్టు 24, గురువారం, మధ్యాహ్నం

చెప్పలేదు. గేటు దాకా వెళ్లాను. పిల్లలందరూ ఒక్కసారిగా లోపలికి పరిగెత్తారు, గంట కొట్టి ఉంటారు. వదిన వరండాలో ఇంకో ఇద్దరు టీచర్లతో నిలబడి నాకు చెయ్యూపింది. వాళ్ల ముందు ఎలా అనుకున్నాను. నేనూ చెయ్యూపి వచ్చేశాను. సాయంత్రం ఇంటికెళ్లి చెప్తాను.

సాయంత్రం

అన్నయ్య మెసేజ్. భోజనాల టైములోనే వదిన వెళ్లి పోస్టు వద్దని చెప్పేసిందట. వాళ్లు అప్పటికప్పుడే ఇంకొకావిడకి ఇచ్చేశారట. నువ్వయినా వచ్చి కాస్త ధైర్యం చెప్పు, నీ మాటైతే వింటుంది అని రాశాడు.

వెళ్లలేదు. వెళ్లి ఏ మొహం చూపించను.

ఆగస్టు 25, శుక్రవారం

చెప్పేశాను.

పొద్దున్నే వెళ్లాను. అన్నయ్య బజారుకెళ్లాడు. వదిన వంటింట్లో ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పాను. ఎడమ చెవి, కుడి చెవి, డాక్టర్, పచ్చ లైట్లు, స్ప్లిటర్, గోడ దగ్గర గొడుగు, నిన్న గేటు దగ్గర. మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. నీ చెవులు బంగారంలా ఉన్నాయి, పోయినవి నావి, ఆ పోస్టు నా వల్లే పోయిందని చెప్పాను.

వదిన స్టవ్ ఆపింది. తర్వాత నాకు వీపు పెట్టి సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

అప్పుడు మాట్లాడింది. మాట్లాడుతోందని మెడ చూస్తే తెలిసింది. చాలాసేపు మాట్లాడింది. కొళాయి పారుతోంది, వదిన చేతులు ఆగిపోతున్నాయి, మళ్లీ తోముతున్నాయి. ఒకచోట గిన్నె విసిరినట్టు పెట్టింది, ఇంకోచోట భుజంతో కళ్లు తుడుచుకుంది. తిట్టిందో, వాళ్ల నాన్నగారి గురించి చెప్పిందో, ఇంక నా గడప తొక్కొద్దందో. ఒక్క ముక్క కూడా నాకు అందలేదు. నాకు వినబడదని నేను చెప్పి పది నిమిషాలు కూడా కాలేదు, వదిన ఆ సంగతే మర్చిపోయింది. ఇన్నేళ్లూ నాతో మాట్లాడినట్టే మాట్లాడేసింది.

లేచి ముందుకెళ్లి నిలబడాల్సింది. కుర్చీలోనే ఉండిపోయాను.

కొళాయి కట్టేసి ఇటు తిరిగింది. మొహం అంతా తడి. నా వైపు చూస్తూ ఆగింది. అటు తిరిగి ఉన్నప్పుడే ఏదో అడిగి ఉంటుంది, జవాబు కోసం చూస్తోంది. మళ్లీ చెప్పు వదినా అని అడగడానికి నాకు మొహం లేదు. అంత కష్టపడి చెప్పినదాన్ని మళ్లీ మొదట్నుంచి చెప్పమని ఎలా అడగను.

సరే అన్నాను.

వదిన తలూపింది. చేతులు తుడుచుకుని లోపలి గదిలోకెళ్లింది. కాసేపు కూర్చుని వచ్చేశాను.

దేనికి సరే అన్నానో నాకు తెలీదు.

ఆగస్టు 26, శనివారం

వెళ్లాలో వద్దో తెలియకుండానే వెళ్లాను. ఇద్దరూ ముందే వచ్చి కూర్చున్నారు. బ్యాటరీగాడు నా కళ్లలోకి చూడలేదు. వదిన ఎప్పుడూ నా పక్కన కూర్చునేది, ఇవాళ కుర్చీ తెచ్చి నాకు ఎదురుగా వేసుకుంది. తన మైకు తీసి నా ముందు పెట్టింది. రికార్డ్ నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది. ఇద్దరూ నా నోటి వైపు చూస్తూ కూర్చున్నారు.

సరే అన్నది దీనికన్నమాట.

నా ఎడమ చెవి పూర్తిగా పోయింది అని మొదలుపెట్టాను. గట్టిగా మాట్లాడుతున్నానని వదిన అరచేత్తో కిందికి సైగ చేసింది. తగ్గించాను. ఇంకా అని సైగ చేసింది. ఇంకా తగ్గించాను.